పెంచలయ్యకు అడ్డమొచ్చిన కొమ్మ

గూడూరులో పెంచలయ్య అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. పెళ్లి ఫోటోలు తీయడంలో చెయ్యి తిరిగినవాడే కానీ, దేన్నయినా ఉన్నది ఉన్నట్టు తీయడం మాత్రం అతని వల్ల అయ్యేది కాదు.

తాళి కట్టే వేళ ఎవరైనా అడ్డం వస్తే, పెళ్లికొడుకు చేత మళ్లీ కట్టినట్టు చేయించేవాడు. పురోహితుడు గొణుక్కునేవాడు. తలంబ్రాలు అయిపోతే కింద పడినవి ఏరించి మళ్లీ పోయించేవాడు. ఒకసారి అప్పగింతల్లో పెళ్లికూతురి తండ్రి కళ్లు తుడుచుకుంటుంటే దగ్గరికి వెళ్లి, "మామా, ఇందాకటిది సరిగ్గా పడలేదు. మొహం ఇటు తిప్పి ఇంకొక్కసారి ఏడవండి" అన్నాడు. ఆ పెద్దమనిషికి ఉన్న ఏడుపు కాస్తా ఆగిపోయింది. అయినా పెంచలయ్య వదిలిపెట్టలేదు. ఆల్బములో ఆయన ఏడుస్తున్న ఫోటో ఉంది, చూసినవాళ్లు అయ్యో పాపం అనుకున్నారు కూడా.

అతనికీ ఒక బాధ ఉండేది. ఇరవై ఏళ్లుగా తీసిన ఫోటోలన్నీ ఎవరెవరి బీరువాల్లోనో, పట్టుచీరల కింద, నాఫ్తలీన్ ఉండల పక్కన పడి ఉన్నాయి. తీసింది ఎవరో ఎవరికీ గుర్తుండదు. తన ఫోటో ఒక్కటైనా నలుగురూ తిరిగే చోట గోడకెక్కాలి, దాని కింద తన పేరుండాలి, జనం నిలబడి చూడాలి. ఇదీ అతని కోరిక. అందులో తప్పేమీ లేదు, పనివాడన్న తర్వాత ఆ మాత్రం ఆశ ఉంటుంది.

అందుకని మూఢం వచ్చి ముహూర్తాలు ఆగిపోగానే కెమెరా సంచి మోటారుసైకిలుకు కట్టుకుని కొండలకూ అడవులకూ చెరువులకూ బయలుదేరేవాడు. వెళ్లిన చోటా అదే తంతు. అరకులో వలిసె పూలు విరగబూసి ఉంటే, గట్టు మీద నుంచి చూసి ఊరుకోకుండా చేను నడిమధ్యదాకా తొక్కుకుంటూ వెళ్లాడు. ఒక జలపాతం దగ్గర ఒక రాయి ఫోటోకు పొసగలేదని దాన్ని మడుగులోకి దొర్లించాడు. ఒక సరస్సులో పడవవాణ్ణి ఒకే చోట తొమ్మిదిసార్లు తిప్పించాడు. తొమ్మిదోసారికి ఆ పడవవాడి మొహం చూడాలి.

భార్య రమణమ్మ ఈ ఫోటోలన్నీ చూసి, "కొండను గూడా రవంత పక్కకి జరగమనేట్టుండారే" అంది.

"జరిగేదైతే అడిగేవాణ్ణే" అన్నాడు పెంచలయ్య. అతను నవ్వకుండానే అన్నాడు.

ఆ ఏడు మాఘమాసంలో మూఢం పడింది. అదే సమయానికి నెల్లూరులో పక్షి ప్రేమికుల సంఘం వాళ్లు ఫోటోల పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన ఫోటోను నిలువెత్తున చేయించి, ఏడాది పొడుగునా తమ సభా భవనంలో తగిలిస్తామన్నారు. పెంచలయ్యకు ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. తెల్లారగానే మడుగుపాళెం దారి పట్టాడు.

మడుగుపాళెం చిన్న ఊరు. ఊరికి తూర్పున ఒక మడుగు, మడుగులో నీళ్ల మధ్యనే పెరిగే కడప చెట్లు. చలికాలం వచ్చిందంటే ఎర్రకాళ్ల కొంగలు వందల్లో వచ్చి ఆ చెట్ల మీద గూళ్లు కడతాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోగా వాటిని తీసుకుని వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని పక్షులనుకోరు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలంటారు. దీపావళికి ఆ ఊళ్లో టపాకాయలు కాల్చరు. పెళ్లి ఊరేగింపు వస్తే మడుగు కట్ట మొదట్లో బ్యాండు ఆపేసి, కట్ట దాటిందాకా చెప్పులు కూడా చేత్తో పట్టుకుని నడుస్తారు. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది కానీ, ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

ఆ పక్షులకు కాపలా చెంగమ్మ. అరవై దాటిన మనిషి. చీర మీద అటవీశాఖ వాళ్లిచ్చిన ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతిలో చివర కొక్కెం ఉన్న పొడవాటి దోటి పట్టుకుని కట్ట మీద తిరుగుతూ ఉండేది. గాలికి విరిగి వేలాడే ఎండుపుల్లల్ని ఆ దోటితోనే లాగేది. కట్ట మొదట్లో ఆమెకొక పాక, పాకలో రెండు మట్టి ముంతలు. గూట్లో పిల్ల బయటికొచ్చిందని తెలియగానే ఒక చింతగింజ మొదటి ముంతలో వేసేది. ఆ పిల్ల ఎగరగలిగిన రోజున ఆ గింజను రెండో ముంతలోకి మార్చేది. పక్షులన్నీ వెళ్లిపోయాక రెండో ముంతను ఊరి బయట మట్టిలో కుమ్మరించి, నీళ్లు చల్లి వచ్చేది. ఆమె తల్లి కూడా అలాగే చేసేదట.

పెంచలయ్య వచ్చి, "పెద్దమ్మా, గూడూరు నుంచి వచ్చినా. ఫోటోలు తీసుకుంటా" అన్నాడు.

"తీసుకో అబ్బయ్యా. గట్టిగా మాట్లాడబాక. కట్ట దిగబాక. ఆకు గూడా తుంచబాక. అంతే" అంది చెంగమ్మ.

"సరే పెద్దమ్మా."

"సరే అంటే సరిపోదు. పురిటి గది ఇది. మీ ఇంట్లో పురిటి గదిలోకి ఎవురన్నా బూట్లతో వస్తే ఊరుకుంటావా?"

"నాకు తెలవదా పెద్దమ్మా" అన్నాడు పెంచలయ్య. మాట ఇవ్వడానికి అతనికెప్పుడూ ఆలస్యం అయ్యేది కాదు.

చెంగమ్మ అతణ్ణి వెంటబెట్టుకుని కట్ట మీద కొంత దూరం నడిచి, ఒక చెట్టు చూపించింది. ఆ చెట్టు కట్టకు దగ్గరగా ఉంది. దాని కింది కొమ్మల్లో ఒక గూడు, గూట్లో మూడు పిల్లలు. ఒంటి నిండా తెల్లటి నూగు, ఇంకా ఈకలు రాలేదు. "మూడూ నిక్షేపంగా ఉండాయి. ఈ ఏడు ఒక్క గూట్లో మూడు నిలవడం ఇదే" అంది ఆమె. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో సంతోషం దాగలేదు. తర్వాత దోటిని చెట్టుకు ఆనించి, "నేను ఆ కొసదాకా పోయి పిల్లల్ని లెక్కబెట్టుకోని వస్తా. నువ్వు ఈడనే కూచో" అని వెళ్లింది.

పెంచలయ్య కెమెరాకు పెద్ద లెన్సు బిగించి చూశాడు. గూడు కనిపించింది. అయితే గూటికి ముందు ఒక ఆకుల కొమ్మ వాలి ఉంది. ఒక పిల్ల కనిపిస్తే రెండోది కనిపించదు. తల్లి కాళ్లు కనిపిస్తే తల కనిపించదు. పైగా గూడంతా నీడలో ఉంది. అతను అటు జరిగాడు, ఇటు జరిగాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎటు చూసినా ఆ కొమ్మే.

ఇరవై ఏళ్ల అలవాటు ఊరుకోదు కదా. ఫోటోకు ఎవరు అడ్డమొచ్చినా "కాస్త పక్కకి" అనడం, వాళ్లు పక్కకి జరగడం, ఇదే అతనికి తెలుసు. కొమ్మ మాట వినదు కాబట్టి చేత్తో జరపాలి. సంచిలో పెళ్లి పందిరి దగ్గర వాడే నైలాన్ తాడు ఉంది. కొమ్మను వంచి పక్కకు కట్టేసి, ఫోటో తీసుకుని, మళ్లీ విప్పేద్దాం అనుకున్నాడు. దోటి తీసుకుని కొమ్మకు తగిలించి లాగాడు. పచ్చి కొమ్మే అయినా బలంగా లాగేసరికి మొదలుకంటా విరిగి నీళ్లలో పడింది.

గూటి దగ్గరున్న తల్లీ తండ్రీ కొంగలు రెండూ ఒక్కసారిగా లేచిపోయాయి. పెంచలయ్య కట్ట కొస వైపు చూశాడు. చెంగమ్మ కనిపించలేదు. గబగబా కొమ్మను దోటితో నెట్టి తుంగలో దూర్చేశాడు. పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. కాసేపటికి ఒక కొంగ తిరిగొచ్చి గూట్లో వాలింది. హమ్మయ్య, నాలుగాకులే కదా, ఏమైందిప్పుడు అనుకున్నాడు.

పొద్దెక్కింది. ఎండ నేరుగా గూట్లోకి దిగింది. ఇప్పుడు మూడు పిల్లలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అప్పుడు పెద్ద కొంగ లేచి నిలబడి రెండు రెక్కలూ పూర్తిగా చాపింది. చాపి, దించకుండా అలాగే నిలబడింది. వీపు దగ్గరి రెక్కల ఈకలు గులాబీ రంగులో మెరిశాయి. ఒక నిమిషం, రెండు నిమిషాలు, పావుగంట. అది కదలలేదు.

పెంచలయ్యకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లలో ఏ పెళ్లికూతురూ అంతసేపు విసుక్కోకుండా నిలబడలేదు. ఎన్ని ఫోటోలు తీసుకోవాలో అన్నీ తీసుకున్నాడు.

చెంగమ్మ తిరిగొచ్చేసరికి సంచి సర్దేసుకుని మోటారుసైకిలు దగ్గర ఉన్నాడు. "బాగా పడ్డాయా అబ్బయ్యా?" అని అడిగింది ఆమె.

"బ్రహ్మాండంగా పడ్డాయి పెద్దమ్మా" అన్నాడు. ఆమె కళ్లలోకి చూడకుండానే బండి ఎక్కాడు.

ఇంటికొచ్చి ఫోటోలు పెద్దవి చేసి చూసుకున్నాడు. ఒకటి మరీ బాగుంది. దాని పైమూలలో మాత్రం విరిగిన కొమ్మ మొదలు తెల్లగా కనిపిస్తోంది. ఆ మూల కత్తిరించేశాడు. ఫోటోకు 'స్వాగతం' అని పేరు పెట్టి పోటీకి పంపాడు.

నెలన్నర తర్వాత కబురొచ్చింది. మొదటి బహుమతి అతనిదే. రమణమ్మ పట్టుచీర కట్టుకుంది. ఇద్దరూ బస్సులో నెల్లూరు వెళ్లారు. సభా భవనంలో అడుగుపెట్టగానే ఎదురుగా గోడ మీద అతని ఫోటో, నిలువెత్తున. కింద పేరు. దాని ముందు జనం. ఒక ముసలాయన కళ్లజోడు సవరించుకుని మరీ చూస్తున్నాడు. పెంచలయ్య కాసేపు ఆ జనం వెనకే నిలబడ్డాడు. అతని కళ్లు చెమర్చాయి. ఇరవై ఏళ్ల కోరిక తీరినప్పుడు ఎవరికైనా అంతే.

సభ మొదలైంది. సంఘం కార్యదర్శి మైకు ముందుకొచ్చి, "ఈ ఫోటో తీసింది మడుగుపాళెంలో. అక్కడ పక్షుల్ని కాపాడే చెంగమ్మగారు మన మధ్య ఉన్నారు. ఆమె చేతుల మీదుగానే ఈ బహుమతి ఇప్పిస్తాం" అన్నాడు. చెంగమ్మ ముందు వరుసలో నుంచి లేచింది. ఉతికిన ఖాకీ చొక్కా, దాని మీద అప్పుడే కప్పిన శాలువా. పెంచలయ్య కుర్చీలో కాస్త కిందికి జారి కూర్చున్నాడు.

కార్యదర్శి గోడ వైపు చెయ్యి చూపించి, "చూడమ్మా, మీ కొంగ మమ్మల్నందర్నీ ఎట్లా రెక్కలు చాపి రమ్మంటోందో" అన్నాడు.

చెంగమ్మ ఆ ఫోటోను ఇప్పుడే సరిగ్గా చూసింది. దగ్గరికి వెళ్లి, తల పైకెత్తి, చాలాసేపు చూసింది.

"ఇది రమ్మనడం కాదయ్యా" అంది.

"మరేంటమ్మా?"

"ఎండ కాస్తా ఉండాది. పిల్లలకి గొడుగు పట్టింది."

సభలో కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. మైకు ఆమె ముందుకు జరిపారు. ఆమె దాని వైపు చూడకుండా, ఫోటో వైపే చూస్తూ చెప్పింది.

"ఈ గూటికి ముందర ఒక కొమ్మ ఉండేది. పొద్దెక్కితే దాని నీడే ఈ పిల్లలకి. మూడు నోళ్లు నిండాలంటే తల్లీ తండ్రీ రెండూ వేటకి పోవాల. కొమ్మ పోయినాక ఒకటి పొద్దస్తమానం ఇట్టా రెక్కలు చాపి నిలబడాల్సొచ్చింది. రెండోది తెచ్చింది చాల్లేదు. ఐదో నాడు చిన్నది పోయింది. నేను తాటాకు కట్టబోయినా. నేను దగ్గరికి పోతే అది లేస్తాది, అది లేస్తే పిల్లలకి ఎండ. ఏం చేసేది? తిరిగొచ్చేసినా. తొమ్మిదో నాడు అది దాహానికి నీళ్లలోకి దిగింది. పైన ఆకు మరుగు లేదు గదా, గద్దకి గూడు కనపడింది. ఇంకొకదాన్ని ఎత్తుకపోయింది. మూడిట్లో ఒకటే మిగిలింది."

ముందు వరుసలో ఒకాయన, "ఆ కొమ్మ ఎట్లా విరిగిందమ్మా?" అని అడిగాడు.

"ఆ పొద్దు గాలి లేదు. తుంగలో దొరికింది కొమ్మ. ఎట్టా విరిగిందో నేను చూళ్లేదు. చూడనిది చెప్పకూడదు" అంది చెంగమ్మ. ఆమె పెంచలయ్య వైపు తిరగనేలేదు.

వేదిక మీద బహుమతి షీల్డు మెరుస్తోంది. అతను కూర్చున్న చోటు నుంచి అది పది అడుగుల దూరం. చెంగమ్మ తన పేరు చెప్పదని అతనికి అర్థమైంది. నోరు మూసుకుని కూర్చుంటే ఫోటో గోడ మీదే ఉంటుంది, ఏడాది పొడుగునా ఉంటుంది. ఆ కత్తిరించిన మూల సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. అతను మళ్లీ ఫోటో చూశాడు. ఇన్నాళ్లూ పోజు అనుకున్నది ఇప్పుడు పోజులా కనిపించడం లేదు. కొంగ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఎండకు అది రొప్పుతోంది. తను అన్నిసార్లు చూసుకున్న ఫోటోలో ఆ నోరు ఒక్కసారి కూడా చూడలేదు. అతనికి సిగ్గేసింది. అలాంటి సిగ్గు అతను జన్మలో ఎన్నడూ పడలేదు.

"పిలుస్తుండారు, లేవండి" అంది రమణమ్మ.

పెంచలయ్య లేచాడు. వేదిక ఎక్కాడు కానీ షీల్డు దగ్గరికి పోలేదు. మైకు ముందు నిలబడి, "ఆ కొమ్మ విరిచింది నేను" అన్నాడు.

కార్యదర్శి కంగారుపడి, "తెలియక జరిగి ఉంటుంది" అని సర్దబోయాడు.

"తెలియక కాదండీ. ఆకు కూడా తుంచొద్దని ఈమె చెప్పింది. సరేనన్నాను. ఫోటోకు అడ్డమొచ్చిందని విరిచాను. విరిచిన మొదలు కనిపించకుండా ఫోటో కత్తిరించాను. ఆ బహుమతి నాది కాదు" అన్నాడు పెంచలయ్య. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి, తన ఫోటోను తనే కిందికి దించి, గోడ వైపు తిప్పి పెట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాల్సిన సందర్భం కూడా కాదు.

మెట్లు దిగుతుంటే చెంగమ్మ అతణ్ణి ఆపింది. చెరగు ముడి విప్పి రెండు చింతగింజలు తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఎగిరిపోయినోళ్ల గింజలు మట్టిలో వేస్తా. ఈ రెండూ ఏ ముంతలో వేయాలో నాకు తెలవలేదు. ఇన్నాళ్లూ చెరగున కట్టుకోని తిరగతా ఉండా. ఇంక నీ దగ్గర పెట్టుకో" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

మరుసటి చలికాలం పెంచలయ్య మళ్లీ మడుగుపాళెం వెళ్లాడు. చెంగమ్మ పాక ముందు నిలబడి, "రానిస్తావా పెద్దమ్మా?" అని అడిగాడు. ఈసారి అతని గొంతులో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ లేడు.

చెంగమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. "రా. సంచి ఈడ పెట్టు" అంది.

రెండు రోజులు అతను కట్ట మీద ఉత్త చేతులతో కూర్చున్నాడు. మొదటి రోజు చేతులు ఏం చేయాలో తెలియక అల్లాడిపోయాడు. రెండో రోజుకు చూడటం మొదలుపెట్టాడు. ఒక కొంగ చేప తెస్తే రెండోది ఎలా పక్కకు తప్పుకుంటుందో చూశాడు. ఎండ జరిగే కొద్దీ ఆకుల నీడ గూటి మీద ఎలా జరుగుతుందో చూశాడు. విరిగిన కొమ్మ దగ్గర ఆ ఏడు ఏ కొంగా గూడు కట్టలేదు. అది కూడా చూశాడు.

మూడో రోజు చెంగమ్మే సంచి తెచ్చి అతని పక్కన పెట్టి వెళ్లింది. ఈసారి వెళ్లేటప్పుడు దోటిని అతని పక్కనే వదిలి వెళ్లింది. పెంచలయ్య దాని వైపు చూడను కూడా లేదు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఒక్క ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోటోలో ముందంతా ఆకులు, ఆకుల సందున ఒక ఎర్ర కాలు, సగం ముక్కు, ఒక తెల్లని పిల్ల తల.

దాన్ని ఏ పోటీకీ పంపలేదు. గూడూరులో తన స్టూడియో గోడకు తగిలించాడు. దాని చట్రం మూలలో రెండు చింతగింజలు అతికించి ఉన్నాయి. ఇప్పుడతను పెళ్లిళ్లలో ఎవరినీ రెండోసారి ఏడవమని అడగడు. పెళ్లివాళ్లు ఎవరైనా ఆ ఫోటో చూసి, "ఏంది పెంచలయ్యా, ఆకులన్నీ అడ్డమొచ్చినాయే?" అని అడుగుతూ ఉంటారు.

"ఆకులు అడ్డం రాలా. మొదటిసారి అడ్డమొచ్చింది నేను" అంటాడు అతను.

అందమైన చోటికి వెళ్లినవాడు దాన్ని ఉన్నది ఉన్నట్టు చూసి, ఉన్నది ఉన్నట్టే వదిలి రావాలి. మన చూపుకు అడ్డమని మనం తీసేసేది మరొకరి ప్రాణానికి నీడ కావచ్చు.